ఇంట్లో రెండో మనిషికి కూడా తెలియాలి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "విపత్తులు - మన జాగ్రత్తలు". విపత్తుల సంగతి విశాఖపట్నం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కాబట్టి జాగ్రత్తల గురించే మాట్లాడతాను. అవి కూడా ప్రభుత్వం తీసుకోవలసినవి కావు. మన వంటింట్లో, మన మెట్లకింది మీటరు దగ్గర, మన మంచం పక్కన మనమే తీసుకోవలసినవి.

సర్వీసులో ఉన్న రోజుల్లో మనలో చాలామంది తుపాను డ్యూటీలు చేశాం. రాత్రంతా కంట్రోల్ రూములో ఫోను దగ్గర కూర్చున్నవారు, లారీల్లో వెళ్ళి పులిహోర పొట్లాలు పంచినవారు, స్కూలు భవనాల్లో పునరావాస కేంద్రాలు నడిపినవారు ఈ హాల్లోనే ఉన్నారు. అప్పుడు మనం సహాయం చేసే వైపున ఉన్నాం. ఇప్పుడు అదే జాబితాలో "వృద్ధులు" అన్న కాలమ్‌లో మన పేర్లుంటాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది ఇద్దరం. కొన్ని ఇళ్ళలో ఒక్కరే.

ఈ మాటలు శుభమా అని కొందరు అంటారు. కీడెంచి మేలెంచమన్నారు మన పెద్దలు. ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వే పని మాత్రం ఎవరూ చేయమనలేదు.

ముందుగా రెండు తుపాన్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళమీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10 వేలమంది చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అదే తీరాన్ని మరో తీవ్రమైన తుపాను తాకింది. అప్పుడు మృతుల సంఖ్య వెయ్యికి లోపే. వెయ్యి ప్రాణాలు తక్కువేమీ కాదు. కానీ ఈ రెండు అంకెల మధ్య తేడాకు ముఖ్యమైన కారణం ముందుగా అందిన హెచ్చరిక, ముందుగా కదిలిన జనం. హెచ్చరికకు అంత విలువ ఉంది.

ఇక 2014 అక్టోబరు 12. హుద్‌హుద్. ఆ తుపాను వస్తున్నదని రోజుల ముందే తెలుసు. గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతపు గాలి మన నగరం మీదుగా పోయినా చాలా ప్రాణాలు దక్కాయి. కానీ మర్నాడు తెల్లవారేసరికి కరెంటు లేదు, ఫోను లేదు, కుళాయి లేదు, ఏటీఎం లేదు. రోజుల తరబడి అంతే. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడూ ఇదే జరిగింది. మేడమీద ఉన్నవారికి ప్రాణభయం లేదు, కిందికి దిగే దారి లేదు. చుట్టూ నీళ్ళే, తాగడానికి లేవు. వేసుకోవలసిన మాత్రలు అయిపోయాయి.

అంటే హెచ్చరిక చేయవలసిన పని చేస్తున్నది. ఆ తరువాతి మూడు రోజులు మాత్రం ఇంటివాళ్ళే చూసుకోవాలి. సహాయం వస్తుంది. మన గుమ్మందాకా రావడానికి టైము పడుతుంది.

ఈ మూడు రోజులకు కావలసిన సరుకుల జాబితాలు మీరంతా చదివే ఉంటారు. టార్చిలైటు, కొవ్వొత్తులు, అటుకులు, బిస్కట్లు. అవి ఉండాలి. కానీ హుద్‌హుద్ సమయంలో మా వీధిలో నేను చూసింది వేరు. చాలా ఇళ్ళలో సరుకు ఉంది. దాన్ని ఎలా వాడాలో, ఎక్కడుందో తెలిసిన మనిషి ఆ సమయానికి అందుబాటులో లేడు.

ఒక ఇంట్లో పెద్దాయన పెళ్ళికని పొరుగూరు వెళ్ళి చిక్కుకుపోయారు. ఆవిడ ఒక్కరే ఉన్నారు. కిటికీ అద్దం పగిలి, వాన జల్లు స్విచ్‌బోర్డు మీద పడుతోంది. మెయిన్ ఎక్కడ ఆపాలో ఆవిడకు తెలియదు. నలభై ఏళ్ళుగా ఆ పని ఆయనదే. పై వాటాలో అద్దెకున్న కుర్రవాడు దిగివచ్చి, "పిన్నిగారూ, మీరు దూరంగా ఉండండి" అని ఆపాడు.

ఇంకో ఇంట్లో దీనికి తలకిందులు. ఆవిడ తడిలో జారిపడి తుంటి విరిగింది. ఎలాగో ఆసుపత్రికి చేర్చాం. ఏమేం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగారు. పెద్ద ఆఫీసును నడిపిన మనిషి, వందల ఫైళ్ళు నోటికి చెప్పగలిగిన మనిషి, "పొద్దున తెల్లమాత్ర, రాత్రి పసుపుపచ్చ మాత్ర అండీ" అన్నారు. అందులో రక్తాన్ని పలచబరిచే మాత్ర ఒకటుంది. ఆపరేషన్ చేయవలసిన డాక్టరుకు మొట్టమొదట తెలియవలసింది అదే.

ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మన తరం సంసారాలు అలాగే నడిచాయి. బయటిపని ఒకరిది, లోపలిపని ఒకరిది. కానీ ఒక్కరికే తెలిసిన పని, ఆ ఒక్కరూ పడిపోయిన రోజున ఎవరికీ తెలియని పని. నేనివ్వాళ చెప్పదలచుకున్నది ఇంతే: ఇంట్లో ప్రతి ముఖ్యమైన పనీ రెండో మనిషికి కూడా తెలియాలి. వినడం వల్ల కాదు, చేతితో చేయడం వల్ల తెలియాలి.

ఆ పనుల్లో మొదటిది కరెంటు. మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇద్దరూ వెళ్ళి చూడండి. పగలు ఒకసారి ఆపి, మళ్ళీ వేయండి. ఇన్వర్టరు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు నుంచి కొన్ని లైన్లకు కరెంటు వస్తూనే ఉంటుంది. దాన్ని వేరుగా ఆపాలి. చేతులు పొడిగా ఉండాలి, కాళ్ళకు రబ్బరు చెప్పులుండాలి. మీటరు దగ్గరే నీళ్ళు నిలిచి ఉంటే ముట్టుకోవద్దు. 1912కు ఫోను చేయండి. వీధిలో తెగిపడ్డ తీగ చచ్చినట్టు కనిపించినా దాని జోలికి పోవద్దు.

రెండవది గ్యాసు. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పరుచుకుంటుంది. వాసన వస్తే స్టవ్ కట్టేసి, రెగ్యులేటరు నాబ్ ఆఫ్ చేసి, తలుపులు, కిటికీలు తెరవాలి. లైటు, ఫ్యాను, ఎగ్జాస్ట్ ఏదీ వేయకూడదు. వెలుగుతున్నదాన్ని ఆపకూడదు కూడా. రెండు సందర్భాల్లోనూ స్విచ్‌లో నిప్పురవ్వ పుడుతుంది. బయటికి వచ్చాకే ఫోను తీసి 1906కు చెప్పాలి. ఇంట్లోని మగవారికి ఒక మనవి. ఇవాళ ఇంటికి వెళ్ళి, స్టవ్ ఆర్పి ఉన్నప్పుడు, రెగ్యులేటరు ఒకసారి ఊడదీసి, సిలిండరుకు సేఫ్టీ క్యాప్ బిగించి, మళ్ళీ అమర్చండి. పక్కన మీ ఆవిడ నిలబడి నేర్పుతారు. రబ్బరు ట్యూబు మీద ముద్రించిన తేదీ కూడా చూడండి. అయిదేళ్ళకొకసారి మార్చాలి.

మూడవది మందులు. ఒక తెల్లకాగితం తీసుకుని ఇద్దరి పేర్లు, వయసు, రక్తం గ్రూపు, జబ్బులు, పడని మందులు, వాడే మాత్రల పేర్లు, మోతాదు, వేళలు పెద్ద అక్షరాలతో రాయండి. ఒక కాపీ ఫ్రిజ్ తలుపుకు అంటించండి. ఒకటి పర్సులో పెట్టుకోండి. ఆయన మందులు ఆవిడ, ఆవిడ మందులు ఆయన చూడకుండా చెప్పగలగాలి. మందులు చివరి స్ట్రిప్పు దాకా రాకముందే తెచ్చుకోండి. పదిరోజులకు సరిపడా ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయిందని గాభరా పడనక్కరలేదు. వాడకంలో ఉన్న సీసా సాధారణంగా ఓ నాలుగు వారాలు ఫ్రిజ్ లేకుండా, ఎండ తగలకుండా, చల్లనిచోట ఉంటే పనిచేస్తుంది. తడిపిన మట్టికుండలో మూతపెట్టిన డబ్బా ఉంచి, అందులో సీసా పెట్టుకోవచ్చు. మీ రకానికి ఎంత గడువో డాక్టరుగారిని అడిగి ఆ కాగితం మీదే రాసుకోండి.

నాలుగవది నీరు. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 4 లీటర్లు అనుకుంటే, ఇద్దరికి మూడు రోజులకు 24 లీటర్లు. రెండు మూతబిందెలు, కొన్ని సీసాలు. పెద్ద కష్టమేమీ కాదు. వరద తరువాత వచ్చే నీటిని బాగా తెర్లేలా కాచి తాగాలి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచిన నీటిలో ఆరు సమం చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలుకన్నా కీడే.

ఇక కాగితాలు. పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఇంటి దస్తావేజుల నకళ్ళు ఒక ప్లాస్టిక్ కవరులో ఉండాలి. అది ఎక్కడుందో ఇద్దరికీ తెలియాలి. పి.పి.ఓ. ఎక్కడుందో తెలియక మన సభ్యుల భార్యలు ఎంత అవస్థ పడ్డారో, కుటుంబ పెన్షన్ కోసం తిరిగిన మన సంఘం కార్యకర్తలకు బాగా తెలుసు. అందుకు తుపానే రానక్కరలేదు. ఆ కవరులోనే పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు కొన్ని పెట్టండి. కరెంటు లేనప్పుడు కార్డూ పనిచేయదు, ఫోనులో చెల్లింపూ పనిచేయదు. పిల్లల నంబర్లు కాగితం మీద రాసి ఉండాలి. సెల్‌ఫోను ఆరిపోతే మనకు గుర్తుండే నంబరు ఒక్కటీ లేదు.

తుపాను హెచ్చరికల గురించి రెండు మాటలు. పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని విని మనం కంగారుపడతాం. ఆ నంబర్లు రేవులో ఓడలకోసం పెట్టినవి. 8, 9, 10 మహాప్రమాద సూచికలు. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధం తెగిపోయిందని అర్థం. ఇంటివాళ్ళకు పనికివచ్చేవి గంటలు. వాతావరణ శాఖ అప్రమత్తత సుమారు 48 గంటల ముందు ఇస్తుంది. అప్పుడు మందులు, నీళ్ళు, డబ్బు, ఛార్జింగు చూసుకోవాలి. 24 గంటల ముందు హెచ్చరిక వస్తుంది. అప్పుడు మేడమీది పూలకుండీలు, రేకులు, బకెట్లు కిందికి దించాలి. ఖాళీ చేయమని అధికారులు చెబితే వాదన వద్దు. చెప్పే స్థానంలో మనమూ ఒకప్పుడు ఉన్నాం.

గాలి మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే తుపాను పోయిందనుకోవద్దు. దాని కన్ను మన మీదుగా పోతున్నదన్నమాట. కాసేపటికి ఎదురు దిక్కునుంచి అంతే బలంతో మళ్ళీ వస్తుంది. తుపాను దాటిందని ప్రకటన వచ్చేదాకా గడప దాటకూడదు.

ప్రథమ చికిత్స అంతా ఇక్కడ చెప్పలేను. మూడు సంగతులు చెబుతాను. మూతి ఒకపక్కకు లాగడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఈ మూడింటిలో ఏది హఠాత్తుగా కనిపించినా పక్షవాతమని అనుమానించి వెంటనే 108. నాలుగున్నర గంటలలోపు ఇవ్వవలసిన ఇంజక్షను ఉంది. పడుకుంటే తగ్గుతుందని తెల్లవారేదాకా ఆగవద్దు. వరదల్లో పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, సరిగా ఊపిరి తీయకపోతే ముందు 108కి చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. మా మోకాళ్ళు వంగవండీ అంటారా? మీరు లెక్కపెట్టండి, పక్కింటి కుర్రవాడు నొక్కుతాడు. తెలిసినవాడు పక్కనుంటే తెలియనివాడి చేతులకు ధైర్యం వస్తుంది.

ఒంటరిగా ఉంటున్న సభ్యులు కొందరు నా వైపు చూస్తున్నారు. మా ఇంట్లో రెండో మనిషి ఎవరని వారి ప్రశ్న. మీ రెండో మనిషి గోడ అవతల ఉన్నారు. ఒక తాళంచెవి, మందుల కాగితం కాపీ, పిల్లల నంబరు ఒక నమ్మకమైన పొరుగింటివారికి ఇవ్వండి. పొద్దున ఏడింటికల్లా మీ వరండా తలుపు తెరవకపోతే వచ్చి తట్టమని చెప్పండి. అడగడానికి మొహమాటం వద్దు. రేపు వారి ఇంటికి మీరే రెండో మనిషి కావచ్చు.

సంఘానికి రెండు ప్రతిపాదనలు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో బొంబాయి రేవు పేలుడులో ప్రాణాలిచ్చిన సిబ్బంది స్మారకంగా జరిపేవి అవి. ఆ వారంలో అగ్నిమాపక కేంద్రం వారిని మన భవనానికి పిలిచి, మంటలార్పే సిలిండరు పట్టుకోవడం సభ్యులచేత, వారి భార్యలచేత చేయిద్దాం. రెండవది, రెడ్‌క్రాస్ వారిని అడిగి ప్రథమ చికిత్స తరగతి ఒకటి పెట్టిద్దాం. జంటలుగా రావాలి, లేదా మనవడితోనో పొరుగువారితోనో రావాలి. ఒక్కరే వస్తే సగం పనే.

ఇవన్నీ ఒక్కరోజులో చేయమనను. వారానికొకటి. ఈ వారం కరెంటు, వచ్చే వారం గ్యాసు, ఆపై వారం మందుల కాగితం. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల నెలలు. అంతలోగా అన్నీ పూర్తవుతాయి. వచ్చే సమావేశంలో కార్యదర్శిగారు చెయ్యెత్తమని అడుగుతారు. అప్పుడు సభ్యులు కాదు, వారి వెంట వచ్చినవారు చెయ్యెత్తాలని నా కోరిక.