కొత్త కారు 90 దాటితే వణుకుతోందా? సర్వీస్ సెంటర్‌కి వెళ్లే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్ కొత్తగా కారు కొన్నవాళ్ల కోసం. మీరు కొనకపోయినా, ఇంట్లో నాన్నకో బాబాయ్‌కో కొత్త బండి వచ్చి ఉంటే వాళ్ల కోసమైనా చూడండి.

సమస్య ఏంటంటే, సిటీలో తిప్పినంతసేపూ బండి వెన్నలా వెళ్తుంది. హైవే ఎక్కి 80 దాటగానే స్టీరింగ్‌లో సన్నగా వణుకు మొదలవుతుంది. 90, 100 కి వచ్చేసరికి చేతులకి బాగా తెలుస్తుంది. 115 దాటితే కొంచెం తగ్గినట్టు కూడా అనిపిస్తుంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే చాలాచోట్ల వచ్చే సమాధానం ఒకటే: "కొత్త బండి కదా సార్, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోతుంది."

అవ్వదండీ. ఒక్క కేసులో తప్ప, అది కూడా చెప్తా. చక్రం బరువులో తేడా ఉంటే, ఎన్ని కిలోమీటర్లు తిరిగినా ఆ తేడా అక్కడే ఉంటుంది.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీ ఇంట్లో ఫ్యాన్ రెక్క ఒకటి కొంచెం వంగిందనుకోండి. ఒకటో నంబర్‌లో పెడితే ఏమీ తెలీదు. ఐదులో పెడితే మొత్తం ఫ్యానే ఊగుతుంది. చక్రం కూడా అంతే. చుట్టూ బరువు సమానంగా లేకపోతే, బరువెక్కువ ఉన్న వైపు తిరిగిన ప్రతిసారీ బయటికి లాగుతుంది.

ఎంత లాగుతుంది? లెక్క వేద్దాం, బీటెక్ చదివినందుకు ఒక్కసారైనా పనికి రావాలి కదా! 205/60 ఆర్16 టైర్ తీసుకోండి. దాని చుట్టుకొలత సుమారు 2.05 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 27.8 మీటర్లు. అంటే చక్రం సెకనుకు పదమూడున్నర సార్లు తిరుగుతోంది. ఇప్పుడు రిమ్ అంచున 30 గ్రాములు తేడా ఉందనుకోండి. 30 గ్రాములంటే చిన్న బిస్కెట్ ప్యాకెట్ కంటే తక్కువ. కానీ 100 స్పీడ్‌లో ఆ ముప్పై గ్రాములు దాదాపు నాలుగున్నర కేజీల బలంతో లాగుతాయి, అదీ సెకనుకు 13 సార్లు. 50 స్పీడ్‌లో అయితే అందులో నాలుగో వంతే, అంటే కేజీ పైచిలుకు. స్పీడ్ రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. అందుకే సిటీలో తెలీదు.

మరి 115 దాటితే ఎందుకు తగ్గుతుంది? చక్రం, బ్రేకు, హబ్ అన్నీ కలిసి స్ప్రింగుకీ టైరుకీ మధ్య వేలాడుతుంటాయి. ఈ సెట్టుకి సహజంగా ఊగే వేగం ఒకటుంటుంది. మామూలు కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్లు. చక్రం తిరిగే వేగం సరిగ్గా దాంతో కలిసినప్పుడు వణుకు పెద్దదవుతుంది. ఉయ్యాలని టైమింగ్ చూసి తోస్తే ఎలా పైకి పోతుందో, అలా. ఆ వేగం దాటాక కాస్త సద్దుమణుగుతుంది. తగ్గింది కదా అని "ఇంకా స్పీడ్‌గా పోదాం" అనుకోకండి. టైరు, బేరింగు మీద పడే దెబ్బ అప్పుడు ఇంకా ఎక్కువే.

సరే, కొత్త బండికి ఎందుకు వస్తుంది? మూడు నాలుగు కారణాలున్నాయి. ఒకటి, ఫ్యాక్టరీలో అల్లాయ్‌కి అంటించిన వెయిట్ ఊడిపోవడం. రెండు, బండి నెలల తరబడి స్టాక్‌యార్డ్‌లో నిలబడి టైరు అడుగు చదునైపోవడం. మూడు, డెలివరీ తీసుకున్న వారంలోనే ఏదో గుంతలో పడి రిమ్ వంగడం. మన రోడ్ల మీద ఇదేం వింత కాదు. నాలుగు, టైరే పుట్టుకతో సరైన గుండ్రంగా లేకపోవడం, ఇది అరుదు.

నేను చెప్పిన ఆ ఒక్క కేసు ఈ రెండోదే. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నెమ్మదిగా వెళ్తున్నా దబ్ దబ్ అని కొట్టి, అరగంట నడిపాక టైరు వేడెక్కి మాయమైతే, అది చదును మచ్చ. కొన్నిసార్లు అదే పోతుంది. అరగంట తర్వాత కూడా వణుకు ఉంటే మాత్రం ఎదురుచూడ్డం దండగ.

ఇప్పుడు డీబగ్గింగ్. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే ముందు ఏం చేస్తాం? ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో రాసుకుంటాం. ఇక్కడా అంతే, నాలుగు ప్రశ్నలు.

మొదటిది, వణుకు ఎక్కడ? స్టీరింగ్‌లో అయితే ఎక్కువగా ముందు చక్రాలు. సీటులో, కాళ్ల కింద ఫ్లోర్‌లో అయితే వెనక చక్రాలు.

రెండోది, బ్రేక్ నొక్కితేనే వస్తోందా? అయితే బ్రేక్ డిస్క్ చూపించండి, బ్యాలెన్సింగ్‌తో పోదు.

మూడోది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వచ్చి, కాలు తీస్తే పోతోందా? డ్రైవ్ షాఫ్ట్ వైపు అనుమానించాలి.

నాలుగోది, అదే స్పీడ్‌లో గేర్ మార్చి చూడండి. ఐదులో 90, నాలుగులో 90. ఇంజిన్ వేగం మారినా వణుకు మారకపోతే, అది ఇంజిన్‌ది కాదు, చక్రాలది. హైవే మీద న్యూట్రల్ చేసి చూడమని కొందరు చెప్తారు. వద్దు, ప్లీజ్. గేర్ మార్చినా అదే సమాధానం వస్తుంది.

ఇంకొకటి, చాలామంది కలిపేసే విషయం. బండి ఒక పక్కకి లాగితే అలైన్‌మెంట్. వణికితే బ్యాలెన్సింగ్. రెండూ వేరు. షాపులో రెండూ కలిపి బిల్లేస్తారు కాబట్టి మనకి ఒకటే అనిపిస్తుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన పార్ట్. మీ ఫోన్‌లోనే కొలిచే పరికరం ఉంది. ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆఖెన్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేశారు. అందులో ఆక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అని ఉంటుంది. ఏ వణుకు సెకనుకు ఎన్నిసార్లు వస్తుందో గ్రాఫ్‌లో చూపిస్తుంది.

ముందు టైరు మీద సుద్దతో గీత గీసి, కింద నేల మీద కూడా గీయండి. బండిని చక్రం ఒక చుట్టు తిరిగేదాకా తోసి, టేపుతో దూరం కొలవండి. అది చుట్టుకొలత. స్పీడ్‌ని 3.6 తో భాగించి, వచ్చినదాన్ని ఈ చుట్టుకొలతతో భాగించండి. మన ఉదాహరణలో 80 కి దాదాపు 10.8, 100 కి 13.5 వస్తుంది. ఇప్పుడు పక్క సీటులో ఉన్న మనిషి ఫోన్‌ని గట్టి చోట పెట్టి రికార్డ్ చేయాలి. డ్రైవర్ ఫోన్ ముట్టుకోకూడదు, ఓకేనా? గ్రాఫ్‌లో శిఖరం 80 దగ్గర 11 కి, 100 దగ్గర 13, 14 కి జరిగితే, చక్రమే. దానికి రెండింతల దగ్గర పెద్ద శిఖరం ఉంటే టైరు గుండ్రంలోనే తేడా ఉందేమో అని అనుమానించొచ్చు. ఇంజిన్ 2400 ఆర్‌పీఎమ్‌లో ఉంటే సెకనుకు 40 సార్లు తిరుగుతుంది, అది ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

మా బాబాయ్‌కి ఇదే పనికొచ్చింది. ఏడేళ్ల లోన్ పెట్టి ఇంట్లో మొదటి కారు కొన్నారు. విజయవాడ హైవే మీద 90 కి స్టీరింగ్ వణుకుతుంటే, భయపడి 70 లోనే వెళ్లడం మొదలెట్టారు. వెనక లారీలు హారన్ కొట్టుకుంటూ దాటిపోయేవి. సర్వీస్‌లో రెండుసార్లు "అంతా నార్మల్" అని పంపించేశారట. "ఒరేయ్, నన్ను మోసం చేశార్రా, ఎవరో వద్దన్న బండి నాకు అంటగట్టారు" అని రోజూ అదే మాట. పిన్ని అయితే ఆ కారు ఎక్కనంది.

గ్రాఫ్‌లో శిఖరం చక్రం వేగం దగ్గరే వచ్చింది. ముందు చక్రాల లోపలి వైపు టార్చ్ వేసి చూశాం. కుడి చక్రానికి దుమ్ములో వేలెడంత శుభ్రమైన మచ్చ, దాని మీద ఎండిన జిగురు. వెయిట్ ఉండాల్సిన చోట వెయిట్ లేదు! మెషీన్ మీద పెడితే లోపలి వైపు 45 గ్రాములు తేడా చూపించింది. వెయిట్లు అంటించాక ఓఆర్‌ఆర్ మీద లిమిట్ లోపలే 100 కి తీసుకెళ్లాం. బాబాయ్ స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పిన్నికి ఫోన్ చేసి, "రెడీగా ఉండు, వస్తున్నా" అన్నారు.

ఇప్పుడు టైర్ షాపులో మీరు దగ్గరుండి చూడాల్సినవి. ఒకటి, రిమ్ లోపలి మట్టి కడగాలి, పాత వెయిట్లన్నీ తీసేయాలి. రెండు, మెషీన్‌లో రిమ్ సైజు, వెడల్పు, దూరం సరిగ్గా ఎక్కించాలి. అవి తప్పైతే మెషీన్ సున్నా చూపించినా అది సున్నా కాదు. మూడు, వెయిట్లు పెట్టాక మళ్లీ తిప్పాలి, లోపల బయట రెండూ సున్నా రావాలి. నాలుగు, ఇది ఎవరూ అడగరు, మీరు అడగండి: చక్రాన్ని వదులు చేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పమనండి. అప్పుడు 15, 20 గ్రాములు చూపిస్తే, చక్రం మెషీన్ మీద మధ్యలో కూర్చోలేదన్నమాట. ఐదు, తిరుగుతున్నప్పుడు రిమ్ అంచుని, టైరుని కంటితో చూడండి. పైకీ కిందకీ ఆడితే వెయిట్లతో తీరే సమస్య కాదు. ఆరు, వీల్ నట్లు ఒకదాని ఎదురు ఒకటి చొప్పున బిగించి, చివర్లో టార్క్ రెంచ్ వాడాలి. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఈ పని మొత్తానికి మామూలుగా కొన్ని వందలే అవుతుంది.

అన్నీ సున్నా వచ్చినా వణుకుతోందా? ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూడండి. స్టీరింగ్‌లో ఉన్న వణుకు సీటులోకి వెళ్తే, తప్పు ఆ చక్రాల్లోనే ఉంది. అప్పుడు టైరుని రిమ్ మీద సగం చుట్టు తిప్పి ఎక్కించి చూడొచ్చు. రోలర్‌తో టైరుని నొక్కి కొలిచే రోడ్ ఫోర్స్ మెషీన్ దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది.

వారంటీ మాట. మన దగ్గర టైరుకి మామూలుగా వారంటీ ఇచ్చేది కారు కంపెనీ కాదు, టైరు కంపెనీ. అందుకే ఇద్దరి మధ్యా మనల్ని తిప్పుతుంటారు. నోటితో చెప్పి రాకండి. సర్వీస్ అడ్వైజర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే స్పీడ్‌లో నడిపించండి. "90 నుంచి 110 మధ్య స్టీరింగ్ వణుకు" అని జాబ్ కార్డ్‌లో రాయించి, కాపీ తీసుకోండి. అయినా తిప్పుతుంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి కాల్ చేయండి. కాగితం ఉంటేనే మీ మాటకి బలం.

చివరగా, వీటికి మాత్రం టెస్టులు వద్దు, బండి పక్కకి ఆపండి. పంక్చర్ వేయించిన వెంటనే వణుకు మొదలైతే నట్లు వదులై ఉండొచ్చు. టైరు పక్క గోడ మీద బుడిపె కనిపిస్తే ఆ టైరుతో హైవే ఎక్కొద్దు. వణుకు ఉన్నట్టుండి పెరిగిపోయినా అంతే.

మీ బండి ఏ స్పీడ్‌లో వణికింది, చివరికి ఏం దొరికింది, కామెంట్‌లో పెట్టండి. ఇంకొకరికి టైమ్ మిగులుతుంది. జాగ్రత్తగా నడపండి, ఉంటాను మరి!