‘కస్టమరీ’ – ఎవరి ఆచారం?

(ట్రస్టు భక్త సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



దేవాలయ సమావేశంలో ఒక ఇంగ్లీషు మాటను గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. నేను జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ‘కస్టమరీ’ అనే విశేషణాన్ని ఒకసారి ఒక ఆలయ ద్వారం వద్ద తప్పుగా వాడాను. ఆ తప్పును మీ ముందు చెప్పుకోవడానికే ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

ముందుగా మాట సంగతి. లాటిన్ భాషలో అలవాటుకు ఉన్న మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి ‘కస్టమ్’ అయింది. ఒకే దుకాణానికి అలవాటుగా వెళ్ళేవాడు ‘కస్టమర్’. పూర్వం నుండి వాడుకగా వసూలయ్యే సుంకాలకు ‘కస్టమ్స్’ అనే పేరు వచ్చింది. మన తెలుగు కూడా సరిగ్గా ఈ దారినే నడిచింది, గమనించండి. పాలవాని వద్ద ‘వాడుక’ పెట్టుకున్నామంటాం. రోజూ అతని వద్దనే పాలు పోయించుకుంటామని అర్థం. ‘మామూలు’ అనే మాట అరబ్బీ నుండి పారసీ ద్వారా మనకు వచ్చింది. ఆచరణలో ఉన్నది అని దాని అర్థం. కాలక్రమంలో అది చేతి కింద ఇచ్చే డబ్బుకు కూడా పేరైపోయింది. ఆచారమనే ముసుగు వేస్తే దేనినైనా అడగవచ్చునని మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టినట్టున్నారు!

ఇక ప్రయోగం. ఒక వ్యక్తికి మాత్రమే ఉన్న అలవాటును ఇంగ్లీషువారు ‘హ్యాబిచువల్’ అంటారు. తరం నుండి తరానికి అందివచ్చినదాన్ని ‘ట్రెడిషనల్’ అంటారు. ‘కస్టమరీ’ అన్నప్పుడు సాధారణంగా ఒక సమూహం ఉంటుంది. ఆ సమూహంలో అందరూ అలా చేస్తారనీ, మనమూ చేస్తామనీ ఒక ఎదురుచూపు ఉండాలి. అంతేగాని నిర్బంధం ఆ మాటలో లేదు. పెండ్లికి వెళ్ళినప్పుడు కట్నం చదివించడం కస్టమరీ. చదివించనివారిని పందిట్లో నుండి ఎవరూ పంపివేయరు. ఈ మాటను వాడినప్పుడల్లా ‘ఎవరిలో?’ అనే ప్రశ్న దాని వెన్నంటే వస్తుంది. తరగతిలో ఈ భేదాన్ని ఎన్నో ఏండ్లు చెప్పినవాణ్ణే నేను.

ఆ ప్రశ్నను మన శాస్త్రకారులు మరువలేదు. ఆశ్వలాయన గృహ్యసూత్రం వివాహ ప్రకరణంలో, జనపదధర్మాలు, గ్రామధర్మాలు నానావిధాలుగా ఉంటాయనీ, వివాహంలో వాటిని పాటించాలనీ అంగీకరిస్తుంది. మన తెలుగునాట ఎందరో అనుసరించే ఆపస్తంబుడు వివాహంలోని ఆచారాలను స్త్రీల నుండి తెలుసుకోవాలన్నాడు. తన ధర్మసూత్రం చివరలో, మిగిలిన ధర్మాలను స్త్రీల నుండి, సర్వవర్ణాల వారి నుండి గ్రహించాలని కొందరి మతంగా పేర్కొన్నాడు. నేడు తెలుగువారి పెండ్లిలో జీలకర్ర–బెల్లమే ముహూర్తం. గృహ్యసూత్రంలో దాని ఊసే లేదు. అది మన అమ్మమ్మల చేతుల మీదుగా వచ్చింది.

న్యాయస్థానాలదీ ఇదే దారి. మదురై కలెక్టరు, రామనాథపురం జమీందారీ మధ్య నడిచిన వ్యాజ్యంలో, హిందూ ధర్మం విషయంలో స్పష్టంగా రుజువైన ఆచారం గ్రంథవాక్యాన్ని మించి నిలుస్తుందని 1868లో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ విభాగంలో మన ‘కస్టమరీ’ ఉన్నది. వధూవరులలో ఏ ఒక్కరి ఆచారవిధుల ప్రకారమైనా వివాహం జరపవచ్చునని అక్కడ చెప్పారు. సప్తపది ఆ ఆచారంలో భాగమైతే ఏడవ అడుగుతో వివాహం పూర్తవుతుంది. అందరూ ఏడడుగులు వేసి తీరాలని చట్టం అనలేదు. అదే చట్టం 3వ విభాగం ఆచారానికి హద్దులూ గీసింది. అది చిరకాలంగా, ఎడతెగక, ఒకే తీరుగా నడిచి ఉండాలి; నిశ్చితంగా ఉండాలి; అసమంజసమైనదీ, లోకహితానికి విరుద్ధమైనదీ కారాదు.

ఇంత తెలిసినవాణ్ణి నేను చేసిన పని వినండి.

పదవీ విరమణ చేసిన కొత్తలో ఒక ఆలయం వారు, పేరు చెప్పను, ద్వారం వద్ద పెట్టే బోర్డును రెండు భాషల్లో వ్రాసిమ్మని కోరారు. భక్తులు ‘కస్టమరీ డ్రెస్’లో రావలెనని ఇంగ్లీషులో వ్రాసి, దాని కింద తెలుగులో ‘సంప్రదాయ వస్త్రధారణ తప్పనిసరి’ అన్నాను. ‘తప్పనిసరి’ అన్న మాట పై వాక్యంలో లేదు, నేను చేర్చినది. నిండుగా ఉంటుందనిపించింది. అప్పటికి ఎవరూ ప్రశ్నించలేదు, మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్ళకు అదే ఆలయానికి దర్శనానికి వెళ్ళాను. నా ముందు వరుసలో ఒక గొల్లపెద్ద ఉన్నాడు. మోకాళ్ళ పైకి బిగించిన గోచీ పంచె, భుజాన గొంగడి, చేతిలో పసుపు బండారి మూట. కొమురవెల్లి మల్లన్న జాతరకు వెళ్ళినవారు ఇటువంటివారిని వందలుగా చూసి ఉంటారు. ద్వారం వద్ద ఉన్న యువకుడు బోర్డు చూపించి, ఈ వేషంతో లోపలికి వెళ్ళరాదన్నాడు. అతడు చెడ్డవాడు కాడు. బోర్డులో ఉన్నదే చెప్పాడు.

“ఇది మా తాతల కాలం నుంచి కట్టుడే గదా, బిడ్డా” అన్నాడు ఆ పెద్దాయన.

‘కస్టమరీ’కి అంతకంటే సరైన నిర్వచనం నేను ఏ తరగతిలోనూ చెప్పలేదు. ‘కస్టమ్’, ‘కాస్ట్యూమ్’ అనే రెండు మాటలూ ఒకే మూలం నుండి పుట్టినవి. ఒక జనం అలవాటుగా కట్టేదే ఆ జనపు వేషం. ఆ వరుసలో సంప్రదాయ వస్త్రం ధరించినవాడంటూ ఉంటే ఆయనే. నేను ప్యాంటు మీద కొత్త పంచె చుట్టుకుని నిలుచున్నాను.

అప్పుడు నేను మాట్లాడవలసింది. బోర్డు వ్రాసినవాణ్ణి నేనే, అర్థం అది కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. వెనుక వరుస తొందర చేస్తున్నదని, నలుగురిలో ఎందుకని ఊరకుండిపోయాను. ఆయన వాదించలేదు. పక్కకు తప్పుకుని, గడప బయట బండారి ఉంచి, గోపురం వైపు తిరిగి దండం పెట్టి, గొంగడి సర్దుకుని వెళ్ళిపోయాడు. నేను లోపలికి వెళ్ళి దర్శనం చేసుకున్నాను. ఆనాడు స్వామివారి అలంకారం ఏమిటో నాకు గుర్తు లేదు.

మరునాడు కార్యాలయానికి వెళ్ళి, ‘శుభ్రమైన, మర్యాదకరమైన దుస్తులతో రండి’ అని రెండు భాషల్లోనూ మార్చి వ్రాసిచ్చాను. వారు మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ పెద్దాయన ఏ ఊరివాడో తెలియదు. జాతర రోజుల్లో వెతికాను, కనిపించలేదు.

దాతలకు ఒక మాట. ఈ పూజకు ఎంత ఇవ్వడం మామూలని మీరు కౌంటరు వద్ద అడుగుతుంటారు. రుసుము ఉన్నచోట రుసుము పట్టికలో ఉంటుంది, రసీదు ఇస్తారు. తక్కినదంతా మీ ఇష్టం. ‘మామూలు’ ఇంత అని ఎవరైనా అడిగితే, ఎవరి మామూలని తిరిగి అడగండి.

మన కల్యాణమండపం దరఖాస్తులో వివాహం ‘కస్టమరీ రైట్స్’ ప్రకారం జరుగునని ఒక వాక్యం అచ్చయి ఉన్నది. దాని పక్కన ‘వధువు ఇంటి ఆచారం, వరుని ఇంటి ఆచారం’ అని రెండు ఖాళీ గడులు ఉంచవలసిందిగా ధర్మకర్తలను కోరాను. పురోహితులు ముందురోజే ఆ ఇండ్లలోని పెద్దముత్తైదువులను అడిగి అవి నింపుకోవచ్చు. వచ్చే అచ్చులో చేర్చుతామని వారు మాట ఇచ్చారు.