పాత చిత్రములను చక్కదిద్దుట
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



ఈ సంవత్సరము మన పాఠశాలలో జరిగిన ఛాయాచిత్రముల పోటీని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము ఈ విద్యలో పండితులము కాము. పోటీ నడపినవారము మాత్రమే. కనుక చూచినదానిని చూచినట్లు మనవి చేసెదము.

పోటీ యనగానే కొందఱు తల్లులు వెనుదీసిరి. సెల్‌ఫోనులో మాటలాడుట తప్ప తమకేమియు తెలియదనిరి. అందుచేత నియమములను సులభముగా నేర్పరచితిమి. అందఱికిని ఒకే పాత చిత్రము నిచ్చితిమి. కంప్యూటరు నేర్చినవారు దానితోను, నేర్వనివారు సెల్‌ఫోనుతోను, ఎవరికి చేతనైనంత వారు దిద్దవలెను. బహుమతి లేదు, ఓటమియు లేదు. తాము చేసిన మార్పులను వరుసగా ఒక కాగితముపై వ్రాసి యిచ్చుట మాత్రము తప్పనిసరి.

చిత్రములను దిద్దుట క్రొత్త విషయము కాదు. పూర్వము స్టూడియోలలో నెగటివుపై సన్నని పెన్సిలుతో ముఖముమీది మచ్చలను మాపెడివారు. నలుపు తెలుపు చిత్రములకు చేతితో రంగులు వేసెడివారు. నేడు సాధనము మారినది, అంతే.

మే మిచ్చినది ఒక కుటుంబమువారు దయతో నొసగిన పెండ్లి చిత్రము. అది పసుపువారి వెలిసినది. నడుమ మడత గీత. ఒక మూల చెదలు తినినది. పెండ్లికూతురి ప్రక్కన కూర్చున్న అవ్వ ముఖము సగము మాసినది. వెనుక, వీధిలో, ఒక అంగడి పలక మసకగా కనుపించుచుండెను.

ఎనిమిదవ తరగతి బాలు డొకడు కంప్యూటరుచేత అవ్వ ముఖమును పూరింపజేసి తెచ్చెను. చక్కని ముఖము! అందఱును చప్పట్లు కొట్టిరి. చిత్రము నిచ్చిన పెద్దమ్మ కన్నులద్దములు సవరించుకొని చాలసేపు చూచి, “బాగుంది నాయనా, కాని ఈమె మా అవ్వ కాదు” అనెను. సభ నిశ్శబ్దమైనది. బాలుని దోషము లేదు. ఆ యంత్రము అవ్వ నెఱుగదు. తాను చూచిన వేలకొలది ముఖముల పోలికలనుండి ఒక ముఖమును కల్పించినది. లేనిదానిని కల్పించుట వేఱు, ఉన్నదానిని కనుపింపజేయుట వేఱు అని ఆనాడు అందఱమును నేర్చుకొంటిమి.

చేయి తిరిగిన తండ్రి యొకరు వధూవరులపై చూపు నిలుచునట్లు అంచులను కత్తిరించిరి. సామాన్యముగా అది మంచి పద్ధతియే. కాని అంగడి పలకయు దానితో పోయినది.

ఎన్నడును ఈ పని చేసియెఱుగని ఒక తల్లి తన సెల్‌ఫోనులో మూడే మార్పులు చేసెను: పసుపు తగ్గించెను, వెలుగు పెంచెను, నీడను తేటపఱచెను. మడత గీతను ముట్టలేదు. ఆమె చిత్రములో పలకమీది తెలుగక్షరములు చదువ వీలయ్యెను! ఆ వీధిలో నేడు ఆ అంగడి లేదు, ఆ పలక లేదు.

ఇది చిన్న విషయము కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరినది. కన్నడ సోదరులతో పాలునీళ్లవలె కలిసియున్నాము. మాకు కొఱత లేదు. అయినను మన పూర్వు లిచ్చట ఎట్లు జీవించిరో చెప్పుటకు ఇంటి పెట్టెలలోని చిత్రములకంటె దగ్గఱి సాక్ష్యము లేదు. బళ్లారి రాఘవగారు 1946లో కీర్తిశేషులైరి. మన పిల్లలు ఆయన రూపము నెఱుగుట ఛాయాచిత్రముల వలనను, ఆయన నటించిన కొలది చలనచిత్రముల వలననే కదా!

మన సంగనకల్లు కొండలనే చూడుడు. కుప్పగల్లు వైపు బండలపై నవీన శిలాయుగపు మనుజులు చెక్కిన మూపురపు టెద్దులు కలవు. ఫాసెట్ అను నాతడు 1892లోనే వానిని గూర్చి ప్రకటించెను. బెండపూడి సుబ్బారావుగారు ఇచ్చట త్రవ్వకములు జరిపి, 1948లో బళ్లారి శిలాయుగ సంస్కృతులపై గ్రంథము వెలువరించిరి. ఆ బొమ్మలు మిట్టమధ్యాహ్నము సరిగా కనుపింపవు. ఏటవాలు వెలుగులో తేటపడును. ఛాయాచిత్రములో వెలుగునీడల భేదమును పెంచినను అట్టి మేలే కలుగును. గుహలలోని వెలిసిన రంగుచిత్రములకై జాన్ హార్మన్ అను నాతడు డీస్ట్రెచ్ అను సాధనమును నిర్మించెను. అది రంగుల నడుమ నున్న సన్నని భేదమును సాగదీసి చూపును. రాతి త్రవ్వకములచే ఈ కొండలకు కలిగిన నష్టమును తలంచినచో, చిత్రముల విలువ వేఱుగ చెప్ప నక్కఱలేదు.

కావున వచ్చు సంవత్సరమునకు మా మనవి యిది. మూల చిత్రము నెన్నడును చెఱుపకుడు, ప్రతిపైననే దిద్దుడు. చేసిన మార్పును వ్రాసియుంచుడు. అంచు కత్తిరించుటకు ముందు ఇంటి పెద్దల నడుగుడు. తెలియని ముఖమును తెలియనట్లే ఉండనిండు. అన్నిటికంటె ముందుగా, ఆ చిత్రములోనివారిని గుర్తింపగల అవ్వయో తాతయో ఉండగనే, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో పేర్లు వ్రాసికొనుడు. వెలిసిన రంగును యంత్రము తేగలదు. మఱచిన పేరును తేజాలదు.

ఆ పెద్దమ్మ ఏ చిత్రమును ఇంటికి తీసికొనిపోయెనో చెప్పి ముగించెదము. మడత గీతయు, సగము ముఖమును అట్లేయున్న ఆ తల్లి చిత్రమునే. “ఈమె మా అవ్వ” అనెను. సెలవు.