మహాశ్వేతా దీదీని మనం ఎందుకు తలుచుకోవాలి?

(జూలై 28, వర్ధంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మహాశ్వేతాదేవి ఆదివాసీ కాదు. 1926లో ఢాకాలో, బాగా చదువుకున్న పైకులపు బెంగాలీ కుటుంబంలో పుట్టింది. తండ్రి మనీష్ ఘటక్ కవి. చిన్నాన్న ఋత్విక్ ఘటక్ సినిమా దర్శకుడు. అలాంటి మనిషి వర్ధంతి మనమెందుకు చెయ్యాలని మీలో కొందరికి అనిపించవచ్చు. అడగాల్సిన ప్రశ్నే అది. బయటివాళ్లు మన గురించి రాసి పేరు తెచ్చుకోవడం, మనం వాళ్ల పుస్తకాల్లో బొమ్మలుగా మిగిలిపోవడం మనకు కొత్త కాదు. ఈమె సంగతి వేరు. ఎందుకో వినండి.

ముందు ఆమె చేసిన ఉద్యోగాలు చూద్దాం. 1947లో నాటక రచయిత బిజన్ భట్టాచార్యను పెళ్లి చేసుకుంది. ఆయన కమ్యూనిస్టు. తపాలా శాఖ లెక్కల ఆఫీసులో ఆమెకు గుమాస్తా ఉద్యోగం దొరికితే, ఇంట్లో రాజకీయాలు చూసి తీసేశారు. ట్యూషన్లు చెప్పింది. బట్టలకు వేసే రంగుపొడి అమ్మింది. అమెరికాకు కోతుల్ని ఎగుమతి చేసే వ్యాపారం కూడా మొదలుపెట్టబోయింది. నవ్వకండి, నిజమే. అది సాగలేదు. ఆ తర్వాత స్కూలు టీచరు, 1964 నుంచి కలకత్తాలో విజయ్‌గఢ్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు, 1980ల్లో ‘జుగాంతర్’ పత్రికకు విలేఖరి. వీటన్నిటి మధ్యా నవలలు, కథలు.

మొదటి పుస్తకం ఝాన్సీ రాణి జీవితం. 1956లో వచ్చింది. దానికోసం ఆమె ఝాన్సీ ప్రాంతానికి వెళ్లి, ఊళ్లల్లో జనం పాడుకునే పాటలు, చెప్పుకునే కథలు పోగుచేసింది. చరిత్ర అంటే దొరల కాగితాలే కాదు, ముసలమ్మల నోట్లో ఉన్నది కూడా అని అప్పుడే నమ్మింది. ఆ నమ్మకంతోనే బిర్సా ముండా మీద ‘అరణ్యేర్ అధికార్’ రాసింది. 1979లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగులో ‘ఎవరిదీ అడవి’ పేరుతో మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ నవలకు ఆధారం కుమార్ సురేశ్ సింగ్ అనే చరిత్రకారుడి పరిశోధన. ఆ మాట దాచుకోలేదు, పుస్తకంలోనే చెప్పింది.

నా లెక్కలో మాత్రం నవలల కంటే పెద్ద పని ‘బర్తికా’. తండ్రి నడిపిన చిన్న సాహిత్య పత్రిక అది. ఆయన పోయాక 1980లో ఆమె చేతికొచ్చింది. వెంటనే పేరున్న రచయితల్ని పక్కనపెట్టి, చిన్న రైతులు, కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, ఆదివాసీల చేత రాయించడం మొదలుపెట్టింది. మీ ఊళ్లో భూమి ఎవరి చేతుల్లో ఉంది, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర? ఇవే కావాలి ఆమెకు.

ఒక రోజు కాలేజీ నుంచి వస్తూ రిక్షా ఎక్కింది. లాగే కుర్రాడు జైల్లో చదువు నేర్చుకున్నవాడు. ‘జిజీవిష’ అంటే ఏమిటండీ అని అడిగాడు. బతకాలనే కోరిక అని చెప్పింది. ఈ మాట నీకెక్కడ తగిలిందని అడిగి, అతని కథంతా విని, నీ బతుకు మా పత్రికకు రాసివ్వు అంది. రాశాడు. అచ్చయింది. ఆ కుర్రాడే మనోరంజన్ బ్యాపారీ, ఇవాళ బెంగాలీలో పేరున్న దళిత రచయిత. అతని కథ తనే రాసి ఇంకో అవార్డు తెచ్చుకోవచ్చు కదా దీదీ. కలం అతనికిచ్చింది. ఇందుకే ఆమె సంగతి వేరు అన్నాను.

ఇక పురూలియా. అక్కడి ఖేడియా శబరులు, మేదినీపూర్ లోధాలు తెల్లవాళ్ల కాలంలో ‘నేరస్థ జాతుల’ జాబితాలోకి ఎక్కినవాళ్లు. (మన శ్రీకాకుళం సవరలు వేరు, ఈ శబరులు వేరు. పేరు దగ్గరగా ఉందని కలపకండి.) 1871 నాటి ఆ చట్టం పుట్టుకతోనే మనిషిని దొంగ అంది. మన దగ్గర ఎరుకల, యానాదుల మీదా అదే ముద్ర పడింది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు అందుకే పుట్టింది. 1952లో చట్టం పోయింది. పోలీసు కళ్లల్లోంచి, ఊరి నోట్లోంచి పోలేదు.

చదువుకుంటే పోతుందంటారా? లోధా శబరుల్లో మొదటి మహిళా గ్రాడ్యుయేట్ చునీ కోటాల్. పీజీకి వెళ్తే, నీ జాతికి చదువేంటని వేధించారు. 1992 ఆగస్టులో ఆమె ప్రాణం తీసుకుంది. దీదీ ఊరుకోలేదు. ఏం జరిగిందో వరసగా రాసి దేశం ముందు పెట్టింది. హాస్టళ్లలో, యూనివర్సిటీల్లో ఉన్న చెల్లెళ్లూ, చునీ పేరు గుర్తుపెట్టుకోండి. మీకు అలాంటిది ఎదురైతే ఒంటరిగా మొయ్యకండి, మా దగ్గరకు రండి.

1998 ఫిబ్రవరిలో బుధన్ శబర్ అనే యువకుణ్ణి, భార్యతో కలిసి వెళ్తుంటే, పోలీసులు పట్టుకుపోయారు. వారం తిరక్కుండా కస్టడీలో చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. అతని జనం ఏం చేశారో తెలుసా? శవాన్ని గుడిసెలోనే పాతిపెట్టి, పోలీసుల కోసం ఒక బొమ్మను తగలబెట్టారు. మళ్లీ పోస్టుమార్టం జరగాలంటే శవం ఉండాలి కదా! ఆ తెలివి, ఆ గుండె ధైర్యం శబరులవి. దీదీ అండగా ఉన్న శబరుల సంక్షేమ సంఘం కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. జస్టిస్ రుమా పాల్ అదే ఏడాది జూలైలో సీబీఐ విచారణకు, భార్యకు పరిహారానికి ఆదేశించారు.

అప్పటికి దీదీకి 72 ఏళ్లు. జ్ఞానపీఠం, మెగసెసే రెండూ వచ్చేశాయి. ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. గణేశ్ దేవీ, లక్ష్మణ్ గైక్వాడ్‌లతో కలిసి విముక్త జాతుల హక్కుల కోసం ఒక బృందం పెట్టి ఊళ్లు తిరిగింది. అహ్మదాబాదులో ఛారాలుండే ఛారానగర్‌కు వెళ్లింది. వాళ్లదీ అదే ముద్ర. అక్కడి కుర్రాళ్లు ఒక లైబ్రరీ పెట్టుకున్నారు. బుధన్ కథ తెలిసి దాన్ని నాటకం చేశారు. అతను బెంగాల్, వీళ్లు గుజరాత్. అతని భాష వీళ్లకు రాదు. అయినా పోలీసు దెబ్బ ఎలా ఉంటుందో ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. 1998 ఆగస్టు 31న, విముక్త దినం రోజున, మొదటిసారి ఆడారు. దాంతోనే ‘బుధన్ థియేటర్’ పుట్టింది. ఆ పిల్లల్లో కొందరు తర్వాత సినిమా తీసేవాళ్లయ్యారు, విలేఖరులయ్యారు. దీదీ 2016లో వెళ్లిపోయింది. వాళ్లు ఇంకా ఆడుతున్నారు.