రోగి పక్కన గడపవలసిన గంటలు

(కొండాపూర్‌లో జరిగిన ముస్లిం ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఈ రోజు ఒక ప్రశ్నతో మీ ముందుకు వచ్చాము. ఇది మేము కల్పించిన ప్రశ్న కాదు. గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్ కార్యాలయాలలో పనిచేసే మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆదివారాలలో చదువు సలహా కోసం మా దగ్గరకు వచ్చినప్పుడు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న: "ఉద్యోగం మానకుండా పార్ట్‌టైంలో నర్సింగ్ డిగ్రీ చేయవచ్చా?"

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైననాటి నుండి ఈ ప్రాంతం లక్షల మందికి అన్నం పెట్టింది. మనవారికీ పెట్టింది. అయితే మన పిల్లలలో ఎక్కువమంది అడుగుమెట్టు ఉద్యోగాలలోనే ఆగిపోతున్న సంగతి ఇక్కడున్న వారందరికీ తెలుసు. కాల్ సెంటర్, డేటా ఎంట్రీ, ఫ్రంట్ ఆఫీస్ వంటి పనులలో ఐదేళ్లు గడిచినా చేతిలో ఒక వృత్తి ఉన్నదని చెప్పుకునే వీలు లేదు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది. నర్సుకు అలా కాదు. ఆమె రిజిస్ట్రేషన్ ఆమెతోనే ఉంటుంది. మహబూబ్‌నగర్‌లోనైనా, రియాద్‌లోనైనా ఆ విద్యకు విలువ ఉంటుంది. అందుకే మన పిల్లల చూపు అటు మళ్లింది. కానీ వారి జీతంతోనే ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు, నాన్న మందులు గడుస్తున్నాయి. జీతం ఆగకూడదు, చదువూ కావాలి. ఈ ప్రశ్న ఈ ఇరకాటం నుండి పుట్టింది.

పాలమూరు ప్రాంతం నుండి వచ్చి ఇక్కడి హాస్టల్‌లో ఉంటున్న ఒక సోదరి కథ చెబుతాము. వయసు 23. ఇంటర్‌లో సీఈసీ చదివింది. రాత్రి షిఫ్టులో ఫోన్ కాల్స్ తీసుకుంటుంది. "ఆదివారాలు మాత్రమే క్లాసులు, ఏడాదిలో నర్సింగ్ డిప్లొమా" అన్న ఒక సంస్థ మాట నమ్మి, దాచుకున్న డబ్బంతా కట్టింది. కొన్ని నెలల తర్వాత, ఈ డిప్లొమాతో ఏ కౌన్సిల్‌లో పేరు నమోదవుతుందని అడిగింది. సమాధానం రాలేదు. డబ్బూ తిరిగి రాలేదు. ఆమె రసీదు పట్టుకుని మా దగ్గరకు వచ్చింది. ఆమెకు చెప్పిన మాటే ఈ రోజు అందరికీ చెప్పదలచాము.

మన దేశంలో రిజిస్టర్డ్ నర్సు కావడానికి ప్రవేశద్వారాలు రెండే: మూడేళ్ల జీఎన్ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. రెండూ పూర్తికాల రెగ్యులర్ కోర్సులే. వీటిని పార్ట్‌టైంలో గానీ, దూరవిద్యలో గానీ, వారాంతపు తరగతులతో గానీ పూర్తిచేసే దారి లేదు. అటువంటి సర్టిఫికెట్‌తో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ దొరకదు. రిజిస్ట్రేషన్ లేనివారు నర్సు కారు. గల్ఫ్‌కు వెళ్లదలచిన వారు మరొకటి గుర్తుంచుకోవాలి. అక్కడి లైసెన్సుకు ముందు డేటాఫ్లో వంటి సంస్థల ద్వారా ప్రతి సర్టిఫికెట్‌నూ అది జారీ అయిన చోటనే తనిఖీ చేయిస్తారు. ఇక్కడ కప్పిపుచ్చిన లోపం అక్కడ బయటపడుతుంది.

ఈ నియమం పేదవారి మీద కక్షతో పెట్టినది కాదు. బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో సెమిస్టర్ అంటే 20 వారాలు, వారానికి 40 గంటలు. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. డిగ్రీ చేతికి రావాలంటే మాత్రం ఆస్పత్రిలో చేయవలసిన ప్రతి విభాగపు ప్రాక్టికల్‌లోనూ హాజరు నూటికి నూరు శాతం ఉండాలి. తప్పిన రోజులను తర్వాతైనా పూర్తిచేయవలసిందే. సూది వేయడం, పుండుకు కట్టు కట్టడం, ప్రసవ వేళ తల్లి చేయి పట్టుకుని నిలబడడం పుస్తకంలో చదివితే వచ్చే విద్యలు కావు.

బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తూ నర్సింగ్ డిగ్రీ చేస్తున్నారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. అక్కడి ఓపెన్ యూనివర్సిటీ ద్వారా కూడా నర్సు కావచ్చు. కానీ అలా చదివేవారిలో ఎక్కువమంది అప్పటికే ఆస్పత్రులలో సహాయకులుగా పనిచేస్తున్నవారు. వారి యజమానులే వారిని చదివిస్తారు. అక్కడ కూడా 2,300 గంటల ఆచరణ శిక్షణ తప్పనిసరి. పార్ట్‌టైం అన్నందువల్ల ఆ గంటలు తగ్గలేదు, ఎక్కువ కాలానికి పరచుకున్నాయి, అంతే. ఏ దేశంలోనైనా ఆ గంటలు రోగికి చెందవలసినవి. రోగి ప్రాణం మన చేతిలో పెట్టిన అమానత్.

అందువల్ల మరో ఆలోచనను కూడా వారించవలసి ఉన్నది. "పగలు కాలేజీ, రాత్రి కాల్ సెంటర్" అని ధైర్యం చేసే పిల్లలున్నారు. వారానికి 40 గంటల చదువు, దాని మీద 45 గంటల షిఫ్టు, రాకపోకలు. ఇక నిద్ర ఎక్కడ? నిద్రలేని చేయి మందు మోతాదు తప్పితే ఆ మూల్యం చెల్లించేది మంచం మీద ఉన్న మనిషి.

మరి దారి లేదా? ఉన్నది. ఒక్కొక్కరి స్థితిని బట్టి వేరు వేరుగా ఉన్నది.

ఇంటర్‌లో బైపీసీ చదివినవారు బీఎస్సీ నర్సింగ్‌కు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో ఈ ప్రవేశాలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ద్వారా జరుగుతాయి. సీఈసీ, ఎంఈసీ వంటి గ్రూపులు చదివినవారు నిరాశ చెందనక్కరలేదు. ఇంటర్‌లోనూ, ఇంగ్లీషులోనూ 40 శాతం మార్కులుంటే జీఎన్ఎంకు అర్హులే. ఈ కోర్సులకు గరిష్ఠ వయసు 35 ఏళ్లు. కనుక 23 ఏళ్ల అమ్మాయికి ఆలస్యమైపోలేదు.

ఇప్పటికే జీఎన్ఎం పూర్తిచేసి ఈ కారిడార్ ఆస్పత్రులలో స్టాఫ్ నర్సులుగా పనిచేస్తున్న సోదరీమణులకు మాత్రం మొదటి ప్రశ్నకు "అవును" అనే సమాధానం ఉన్నది. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనగా ఇగ్నో, ఉద్యోగంలో ఉన్న రిజిస్టర్డ్ నర్సుల కోసమే మూడేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌ను రూపొందించింది. ఇంటర్ తర్వాత జీఎన్ఎం చేసి, రిజిస్ట్రేషన్ పొంది, రెండేళ్లు పనిచేసినవారు దాని ప్రవేశ పరీక్ష రాయవచ్చు. ఇందులోనూ ప్రాక్టికల్స్, ముఖాముఖి తరగతులు ఉంటాయి. కాబట్టి దరఖాస్తుకు ముందే మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌తో సెలవుల గురించి, డ్యూటీల మార్పు గురించి మాట్లాడుకోండి.

అంటే ఉద్యోగంతోపాటు డిగ్రీ అన్నది నర్సు అయ్యాక ఎక్కే రెండో మెట్టు. మొదటి మెట్టుకు మాత్రం పూర్తికాలం ఇవ్వక తప్పదు.

ఫీజు సంగతి కూడా చెప్పాలి. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సులకే వర్తిస్తుంది. పార్ట్‌టైం కోర్సులకు, మేనేజ్‌మెంట్ కోటా సీట్లకు వర్తించదు. కనుక కన్వీనర్ కోటా సీటు కోసమే ప్రయత్నించండి. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ 4 శాతం రిజర్వేషన్ సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుల నీడలో కొనసాగుతున్నది. అర్హత ఉన్న కుటుంబాలు కుల, ఆదాయ ధ్రువపత్రాలను నోటిఫికేషన్ వచ్చాక కాక, ముందే సిద్ధం చేసుకోవాలి. ఏ సంస్థకైనా రూపాయి కట్టే ముందు, దాని పేరు భారత నర్సింగ్ కౌన్సిల్ జాబితాలోనూ, రాష్ట్ర కౌన్సిల్ జాబితాలోనూ ఉన్నదా అని చూడండి. లేకపోతే లేచి వచ్చేయండి.

ఇక మన ఇళ్లలోని మాట. "నర్సు ఉద్యోగమా? రాత్రి డ్యూటీలు, పరాయి మగవారికి సేవ" అని కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. అదే ఇంటి ఆడపిల్ల అర్ధరాత్రి రెండు గంటలకు కంపెనీ క్యాబ్‌లో దిగితే మాత్రం ఎవరూ ఏమీ అనరు. రాత్రి ఒకటే, రోడ్డు ఒకటే. మదీనాలో ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మసీదు ఆవరణలోనే గుడారం వేసి గాయపడినవారికి చికిత్స చేసిన రుఫైదా అల్ అస్లమియా మన చరిత్రలోని మహిళయే. కందక యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్‌ను ఆ గుడారానికే చేర్చారు. ఆ వారసత్వం ఉన్న సమాజం ఈ వృత్తిని తక్కువగా చూడడం తగదు.

చివరగా మా విన్నపం. పిల్లలకు మూడేళ్ల కాలాన్ని ఎవరో ఒకరు సమకూర్చాలి. ప్రభుత్వం ఫీజు బకాయిలను సకాలంలో విడుదల చేయాలనీ, ఉద్యోగం వదిలి చదువులో చేరే పేద మైనారిటీ విద్యార్థినులకు హాస్టల్ వసతి, జీవన భృతి ఇవ్వాలనీ, గుర్తింపు లేని సంస్థల మీద చర్య తీసుకోవాలనీ మనం గట్టిగా అడగాలి. అది మన హక్కు. అయితే హక్కు చేతికి అందేవరకు అమ్మాయి వయసు ఆగదు. ఈ హాలులో ఐటీ ఉద్యోగులు ఎందరో ఉన్నారు. ఐదు కుటుంబాలు కలిసి ఒక విద్యార్థినిని ఎంచుకోండి. ఆమె ప్రతి నెలా ఇంటికి పంపే సొమ్మును 36 నెలలు మీరు పంపండి. జకాత్ ఎంతవరకు వర్తిస్తుందో ఉలమాను అడిగి తెలుసుకోండి. మిగిలినది సదఖాగానో, నర్సు అయ్యాక తిరిగి చెల్లించే ఖర్జె హసనాగానో ఇవ్వండి.

ఆ పాలమూరు సోదరి ఈ రోజు ఈ సభకు రాలేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని నిద్రపోతున్నది. సాయంత్రం మళ్లీ క్యాబ్ ఎక్కుతుంది. జీఎన్ఎం దరఖాస్తుకు కావలసిన కాగితాలన్నీ సిద్ధం చేసి మా దగ్గర ఉంచింది. దరఖాస్తు చేయమంటారా అని అడిగింది. మీ జవాబు తెలుసుకుని చెబుతామని ఆమెకు మాట ఇచ్చి వచ్చాము.