బండి తన్నులకు లొంగనప్పుడు



ఉదయం ఎనిమిదిన్నరకు నేను క్యారియరు సర్ది వరండాలోకి తెచ్చేసరికి మావారు బండి పక్కన ఒంటికాలి తపస్సులో ఉండేవారు. తన్నితే బుస్సుమనేది. మళ్ళీ తన్నితే మళ్ళీ బుస్సే. పదో తన్నుకు చొక్కా తడిసిపోయేది. పదిహేనో తన్నుకు ఆ కోపం బండి మీదనుంచి పిల్లల మీదికీ, అక్కణ్ణుంచి ఉప్మాలో ఉప్పు మీదికీ దిగేది. ఇప్పుడా బండి మా అబ్బాయి చేతికొచ్చింది, బండితోపాటు ఆ తన్నులూ వచ్చాయి. కొత్త బళ్ళకు మీట నొక్కితే చాలు. కాని మామగారి నాటి బుల్లెట్టో, అమ్మడానికి మనసొప్పక దాచుకున్న యెజ్డీయో ఉన్న ఇళ్ళు ఇంకా లేకపోలేదు. మాది పాయింట్లున్న పాతకాలపు బుల్లెట్ 350 కనుక దాని సంగతే చెబుతాను.

“ఈ మగవాళ్ళ గొడవ మనకెందుకమ్మా” అని మీరనవచ్చు. 1986 వానాకాలం దాకా నేనూ అలాగే అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం వరండా తుడుస్తూంటే బండి దగ్గర పెట్రోలు వాసన వేసింది. టాంకు కింద చిన్న మీట కనిపించింది. గ్యాసు కట్టినట్టే దాన్ని తిప్పేసి ఊరుకున్నాను. ఎవరికీ చెప్పాలని తోచలేదు. ఆ రాత్రి రెండు గంటలకు అత్తయ్యగారికి ఆయాసం ఎక్కువైంది. బయట వాన. ఆటో తేవడానికి మావారు బండి తీశారు. మొదటి తన్నుకే స్టార్టయింది. అమ్మయ్య అనుకుంటూ నేను ఆవిడకు శాలువా కప్పేలోగానే గేటు దగ్గర ఆగిపోయింది. ఇంక చూస్కోండి, ఇరవై నిమిషాలు తన్నిన తన్ను తన్నకుండా తన్నారు. చివరికి పక్కింటి అబ్బాయి సైకిలు మీద వెళ్ళి ఆటో తెచ్చాడు. ఆవిడ గండం గడిచింది గాని, “కాస్త ముందుగా తేవలసింది” అన్న డాక్టరుగారి మాట నా చెవిలో ఉండిపోయింది. మర్నాడు మెకానిక్కు వచ్చి, వేలితో ఆ మీట తిప్పి, ఒక్క కిక్కు కొట్టాడు. బండి మోగింది. “ఎవరు కట్టారండీ ట్యాపు?” అన్నాడు. నా నోట మాట రాలేదు.

ట్యాపు కట్టి ఉన్నా మొదట ఎందుకు స్టార్టయిందంటే, కార్బురేటరు అడుగున చిన్న గిన్నెలాంటిది ఉంటుంది. అందులో మిగిలిన పెట్రోలు కాసేపటికి సరిపోతుంది. అందుచేత స్టార్టయి వెంటనే ఆగిపోయిన బండిని చూస్తే ముందు పెట్రోలునే అనుమానించాలి. ఆ సంగతి ఆ రాత్రి మా ఇద్దరిలో ఒక్కరికి తెలిసినా బాగుండేది.

ఇంజను అంటే మూతపెట్టిన పొయ్యి అనుకోండి. గ్యాసు రావాలి, లైటరు నిప్పు రాల్చాలి, గాలి సమపాళ్ళలో కలవాలి. ఇందులో ఏది లోపించిందో చూడకుండా తన్నడం, సిలిండరు కట్టేసి లైటరు టిక్కుటిక్కుమనిపించడం లాంటిదే. అయిదారు కిక్కులకు అందుకోకపోతే కాలు దించమనండి.

ముందు టాంకు మూత తీసి, బండిని అటూ ఇటూ ఊపి, చప్పుడు వినండి. చీకటైతే టార్చి వెయ్యండి. అగ్గిపుల్ల గీసి టాంకులోకి తొంగిచూసే మహానుభావులున్నారు, వాళ్ళను దూరంగా ఉంచండి. పెట్రోలు తక్కువగా ఉంటే ట్యాపు రిజర్వుకు తిప్పాలి. మూతకు గాలి పోయే సన్నని బెజ్జం ఉంటుంది, అది మట్టితో పూడిపోతే టాంకు నిండా ఉన్నా పెట్రోలు దిగదు. నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిస్తే నూనె సరిగా కారదు చూడండి, అదే లెక్క. నెలల తరబడి కదలని బండి అయితే పాత పెట్రోలు తీయించి కొత్తది పోయించడమే మేలు. ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు కలుస్తోంది, అది గాలిలోని తేమను పీలుస్తుంది. పాత ఇనప టాంకులకు తుప్పు చేసే మేలేమిటో నేను చెప్పక్కర్లేదు.

పెట్రోలు సంగతి తేలితే ఇక నిప్పు. తాళం తిప్పి, హెడ్‌లైటు పక్కనున్న అమ్మీటరు ముల్లును చూస్తూ కిక్కును నెమ్మదిగా నొక్కండి. ముల్లు మైనస్ వైపు ఒరిగి, ఒకచోట మళ్ళీ మధ్యకు రావాలి. అసలు కదలకపోతే బ్యాటరీ తీగో ఫ్యూజో ఊడి ఉండవచ్చు, లేదా పాయింట్లు మురికి పట్టి ఉండవచ్చు. ఒరిగిన ముల్లు తిరిగి రాకపోతే పాయింట్లు విడివడడం లేదని అర్థం. జ్వరం చూసే థర్మామీటరు కన్నా ఇది సులువు.

తరువాత ప్లగ్గు. స్పానరుతో విప్పి చేతిలోకి తీసుకుంటే బండి జాతకమంతా దాని మీద ఉంటుంది. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి చేరడం లేదు. మసి పట్టి ఉంటే గుడ్డతో తుడిచి, మొనల మధ్య సందు గోరు మందమంత ఉందో లేదో చూడండి. తడిసి కారుతూంటే పెట్రోలు ఎక్కువైంది. సాధారణంగా ఇది చోకు లాగి ఆవేశంగా తన్నినందువల్ల వచ్చిన తంటా. వేడిగా ఉన్న ఇంజనుకు చోకు అక్కర్లేదని మగవాళ్ళు కూడా మరచిపోతారు! ట్యాపు కట్టి, తాళం తీసేసి, చోకు మూసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పిపట్టి, నాలుగైదుసార్లు మెల్లిగా కిక్కు తొక్కితే లోపలి తడి బయటికి పోతుంది. ప్లగ్గు బాగా ఆరబెట్టి మళ్ళీ బిగించండి.

నిప్పు వస్తోందో లేదో చూడాలంటే ప్లగ్గును దాని క్యాపులో పెట్టి, ఇనపభాగం ఇంజనుకు ఆనేలా ఉంచి, ఇంకొకరిని కిక్కు తొక్కమనాలి. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా పెట్టాలి. పెట్రోలు ఎక్కడా ఒలికి ఉండకూడదు. క్యాపును చేత్తో పట్టుకుంటే షాకు కొడుతుంది. పమిట బిగించి దోపుకోండి. ఈ పని ఆరుబయటే చెయ్యాలి గాని, తులసికోటలో దీపం వెలుగుతూండగా దాని పక్కన కాదు.

అన్నీ బాగుండీ బండి లేవకపోతే లోపం కాలిది. బుల్లెట్టు బలానికి లొంగదు. కిక్కును నెమ్మదిగా తొక్కితే ఒకచోట రాయిలా అడ్డుతగులుతుంది. అక్కడ ఎడమ చేతి పక్కనున్న డీకంప్రెసర్ మీట నొక్కి, కిక్కును కొద్దిగా, చాలా కొద్దిగా, ముందుకు జరిపి, రెండూ వదిలెయ్యాలి. కిక్కు పైకి వచ్చాక ఒంటి బరువంతా వేసి ఒక్కసారి చివరిదాకా తొక్కాలి. అర్ధమనస్సుతో తొక్కితే అది ఎదురు తంతుంది. అందుకే హవాయి చెప్పులతో వద్దు, మోకాలు కర్రలా బిగించవద్దు. అసలు అడ్డే తగలక కిక్కు మెత్తగా దిగిపోతూంటే కుక్కరు గాస్కెట్టు పోయినట్టన్నమాట, డీకంప్రెసర్ తీగ బిగుసుకుందేమో చూసి, లేకపోతే మెకానిక్కును పిలవండి.

మొన్న మా అబ్బాయి పదో తన్నులో ఉండగా నేను గుమ్మంలోంచే “ప్లగ్గు తియ్యి నాయనా” అన్నాను. తీశాడు. తడిసి ఉంది. ఆరబెట్టి బిగించాక రెండో కిక్కుకు బండి లేచింది. ఆ సంబరంలో క్యారియరు మరచి వెళ్ళిపోయాడు!

రాత్రిళ్ళు ట్యాపు కట్టడం మంచిదే, ఇప్పటికీ కడతాం. కట్టినవాళ్ళు బండి తాళంచెవికి ఒక ఎర్రగుడ్డ పీలిక ముడివెయ్యాలి, ట్యాపు తిప్పాకనే అది విప్పాలి. ఆ రాత్రి తరువాత నేను పెట్టిన పద్ధతి ఇది. అత్తయ్యగారు ఉన్నన్నాళ్ళూ నిద్రపోయే ముందు “పీలిక కట్టావా అమ్మాయ్?” అని అడిగేవారు.