చివరి డోసు తేదీ

వేదిక మీది పెద్దలకు రెండు ముక్కల్లో నమస్కారాలు చెప్పి, పట్టాలందుకున్న కొత్త డాక్టర్లను అభినందించి, ఒక రక్తవ్యాధుల నిపుణురాలు నేరుగా తన వార్డు కబుర్లలోకి దిగారు. ఆమె పీజీ చేసే రోజుల్లో ఒక పెద్దాయన వచ్చారట. ఒళ్లంతా ఎరుపు, రాత్రంతా దురద, చేతిసంచీ నిండా పూతమందుల ట్యూబులు. తామరన్నారు, సోరియాసిస్ అన్నారు. తీరా బయాప్సీ, రక్తపరీక్ష చేస్తే తేలింది సెజరీ సిండ్రోమ్. చర్మాన్నీ రక్తాన్నీ పట్టే టీ కణాల క్యాన్సర్. అప్పట్లో దానికి ఇవ్వగల మందులు తక్కువ.

అదే బీ కణాల క్యాన్సరైన లింఫోమాకైతే 1997లోనే రిటుక్సిమాబ్ వచ్చింది. అది మంచి బీ కణాలనూ తుడిచేస్తుంది. అయినా, అవి కొన్నాళ్లు లేకపోయినా మనిషి నెట్టుకురాగలడు. టీ కణాలన్నీ పోతే మాత్రం మామూలు వైరస్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకే జపాన్ పరిశోధకులు ముఖ్యంగా కొన్ని రకాల టీ కణాల మీద ఉండే సీసీఆర్4 అనే ప్రొటీన్‌కు గురిపెట్టారు. క్యూషూ ప్రాంతంలో హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్ తెచ్చే లుకేమియా కణాల్లో అత్యధికం మీద అది ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ నుంచి ఫ్యూకోజ్ అనే చక్కెరను తీసేసరికి న్యాచురల్ కిల్లర్ కణాలు దాన్ని మరింత గట్టిగా పట్టుకుని క్యాన్సర్ కణాన్ని చంపాయి. అదే మొగాములిజుమాబ్. 2012లో జపాన్ అనుమతించింది. 2018లో అమెరికా సెజరీ సిండ్రోమ్‌కూ, దాని దగ్గరి చర్మ క్యాన్సరైన మైకోసిస్ ఫంగాయిడిస్‌కూ ఒప్పుకుంది. 372 మందిపై జరిగిన ట్రయల్‌లో వ్యాధి ముదరకుండా ఆగిన కాలం ఈ మందుతో 7.7 నెలలు, వొరినోస్టాట్ అనే పాత మందుతో 3.1.

చప్పట్లు మొదలవగానే ఆమె చెయ్యెత్తారు. "నెలలే నాయనా, ఏళ్లు కాదు!"

ఆమె బెంగంతా ఆ తర్వాతి మాటలోనే ఉంది. సీసీఆర్4 రోగనిరోధకతను అదుపులో పెట్టే మంచి టీ కణాల మీదా ఉంటుంది. అవి తగ్గిపోయాక మూలకణ మార్పిడి చేస్తే దాత కణాలు రోగి ఒంటి మీదే తిరగబడొచ్చు. మందుకూ మార్పిడికీ మధ్య 50 రోజులైనా లేనివారిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువని జపాన్ రోగుల వివరాల్లో బయటపడింది.

"మీ కేస్‌షీట్లు చూస్తుంటానుగా! 'బయట ఏవో ఇంజెక్షన్లు చేయించుకున్నారు' అని రాస్తారు. ఏవో ఏమిటర్రా? రాత్రి వచ్చిన పరిశోధన పేపరు తెల్లారేసరికి మీ ఫోన్లో ఉంటుంది. రోగి తెచ్చిన డిశ్చార్జి సమ్మరీ మడత మాత్రం విప్పరు!"

హాలంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. మందు పేరు, డోసు, చివరిసారి ఇచ్చిన తేదీ, ఈ మూడూ ప్రతి కేస్‌షీట్‌లో రాయమన్నారు. తేదీ తెలియకపోతే, ఆ మందిచ్చిన ఆసుపత్రికి అప్పటికప్పుడే ఫోన్ చేసి కనుక్కోమన్నారు.